పొట్లంలో లేని రాయికి ధర కట్టడం

వజ్రాల నిక్షేపం గురించి ఏ రిపోర్టు నా చేతికొచ్చినా మొదట చేసే పని ఒకటే. శాంపిల్లో దొరికిన రాళ్ళ జాబితా తెరిచి, అన్నిటికంటే పెద్ద రాయి ఉన్న వరసని చెరిపేసి, క్యారట్‌కి సగటు ధర మళ్ళీ కడతాను. అంకె పెద్దగా కదలకపోతే రిపోర్టు మొదటి పేజీ నుంచి నిదానంగా చదువుతాను. సగానికి పడిపోతే మాత్రం, ఎన్ని రంగుల మ్యాపులు అతికించినా, నా కళ్ళకి ఆ ఒక్క రాయే కనబడుతూ ఉంటుంది.

రాయిని వెలుతురులో తిప్పి చూసి ధర చెప్పడం నాకు రాదు. ఆ విద్య వేరు, అది వచ్చినవాళ్ళంటే నాకు గౌరవం. నా పని ఆ తరవాత మొదలవుతుంది. బయటికి తీసిన కాసిని రాళ్ళను చూసి, నేల కింద మిగిలినదంతా ఎంత చేస్తుందో అంచనా కట్టాలి. దొరికిన రాళ్ళ గురించి గొడవ పెద్దగా ఉండదు. దొరకని రాళ్ళ దగ్గరే అందరం తడబడతాం.

సూత్రం మాత్రం చాలా సులువు. ఎన్ని టన్నుల ఖనిజం ఉంది, టన్నుకి ఎన్ని క్యారట్లు (దీన్నే గ్రేడు అంటారు), క్యారట్‌కి ఎంత ధర. మూడూ గుణిస్తే సరి. మూడింట్లో టన్నుల లెక్క కాస్త నమ్మకమైనది. వజ్రాల్ని లోతు నుంచి పైకి మోసుకొచ్చే అగ్నిశిల కింబర్లైట్. దాని గొట్టం పైన వెడల్పుగా మొదలై, కిందికి పోయేకొద్దీ గరాటులా సన్నబడుతుంది. తగినన్ని చోట్ల డ్రిల్ చేస్తే ఆకారం బాగానే తేలుతుంది. ఒక్క జాగ్రత్త చాలు: ఒకే గొట్టంలో వేర్వేరు విస్ఫోటనాల్లో పైకొచ్చిన పదార్థం పక్కపక్కనే ఉంటుంది, దేని గ్రేడు దానిదే, దేని రాళ్ళ సైజు దానిదే. ఒక దాంట్లో తీసిన శాంపిల్‌ని మొత్తం గొట్టానికి పులమకూడదు.

రెండోది గ్రేడు. బంగారం మీద పనిచేసి ఇటు వచ్చినవాళ్ళకి ఇక్కడే మొదటి షాక్ తగులుతుంది. క్యారట్ అంటే 0.2 గ్రాములు. టన్నుకి 1 క్యారట్ అంటే మంచి గ్రేడే, కానీ బరువులో అది 50 లక్షల్లో ఒక వంతు. చాలా గనుల్లో అంత కూడా ఉండదు, అందుకే 100 టన్నులకి ఎన్ని క్యారట్లో చెప్పుకుంటారు. పైగా ఆ కాస్తా పొడిలా అంతటా కలిసిపోయి ఉండదు, విడివిడి రాళ్ళుగా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. బంగారంలో లాగా డ్రిల్ కోర్ ముక్క ల్యాబ్‌కి పంపి గ్రేడు తెప్పించుకోవడం కుదరదు. పెద్ద వ్యాసం ఉన్న డ్రిల్‌తో పదుల టన్నులు తీయాలి, లేదా గొయ్యి తవ్వి వేల టన్నులు తీయాలి. దాన్నంతా ఒక చిన్న ప్లాంటులో ఆడించాలి.

ఒక బోరులో 50 టన్నులు వచ్చాయనుకోండి. గ్రేడు 100 టన్నులకి 20 క్యారట్లు, సగటు రాయి 0.1 క్యారట్ అయితే ఆ బోరులో 10 క్యారట్లు, అంటే సుమారు 100 రాళ్ళు రావాలి. 80 రావచ్చు, 120 రావచ్చు, అదంతా మామూలు అదృష్టం పరిధిలోనిదే. బోర్లు పెంచితే గ్రేడు బాగానే కుదురుకుంటుంది. ఇప్పుడు గ్రేడు 100 టన్నులకి 2 క్యారట్లు, సగటు రాయి అర క్యారట్ ఉన్న గొట్టం తీసుకోండి. అదే 50 టన్నుల్లో సగటున రావలసింది రెండే రాళ్ళు. ఏడెనిమిది బోర్లు వేస్తే ఒక దాంట్లో అసలేమీ రాదు. ఆ ఖాళీ బోరు చూసి ‘ఇక్కడ వజ్రాల్లేవు’ అని గీత గీసిన మ్యాపులు నేను చూశాను. పక్కనే నాలుగు రాళ్ళు వచ్చిన బోరు చుట్టూ ఎర్ర రంగు పూసిన మ్యాపులూ చూశాను. రెండు బోర్ల కింద ఉన్నదీ ఒకే గ్రేడు కావచ్చు.

సముద్రం ఒడ్డున, నదుల పాత ఒండ్రులో ఉండే వజ్రాలతో ఇంకా చిక్కు. నమీబియా తీరంలో కింది బండలో ఉండే నెర్రెల్లోనూ గుంతల్లోనూ రాళ్ళు ఇరుక్కుని ఉంటాయి. ఒక గుంతలో పోగు, పక్కన బోలెడంత ఖాళీ. దక్షిణాఫ్రికాలో పనిచేసిన హెర్బర్ట్ సిషెల్ అనే గణాంకవేత్త 1973లో ఈ సమస్య మీద రాసిన పేపరులో రాళ్ళ సంఖ్యని ఒక లెక్కగానూ, రాయి సైజుని వేరే లెక్కగానూ విడదీశాడు. ఇన్నేళ్ళయినా ఆ విడదీయడమే నాకు ఈ రంగంలో అన్నిటికంటే తెలివైన అడుగు అనిపిస్తుంది. అప్పటిదాకా రెండు అనుమానాలు ఒకే అంకెలో చిక్కుపడి ఉండేవి.

మూడోది ధర. అసలు కథంతా ఇక్కడుంది.

గ్రాము బంగారం ఎక్కడ దొరికినా గ్రామే. వజ్రంలో 1 క్యారట్ రాళ్ళు వంద కలిపినా, 100 క్యారట్ల ఒక్క రాయి ధరకి దరిదాపుల్లోకి రావు. ఇప్పుడొక ఊహా నిక్షేపం తీసుకుందాం. ప్రతి 20,000 క్యారట్ల మామూలు రాళ్ళకి ఒక 100 క్యారట్ల రాయి ఉంది. మామూలు రాళ్ళు సగటున క్యారట్ 150 డాలర్లు. పెద్ద రాయి క్యారట్‌కి 20,000 చొప్పున మొత్తం 20 లక్షల డాలర్లు. మామూలు రాళ్ళన్నీ కలిపి 30 లక్షలు, పెద్దదానితో 50 లక్షలు. సగటు కడితే క్యారట్‌కి సుమారు 250 డాలర్లు. ఈ నిక్షేపం నిజమైన ధర అది.

ఇందులోంచి 2,000 క్యారట్ల శాంపిల్ తీశాం. చిన్న పనేం కాదు, చాలా కంపెనీలకి అది కోట్ల ఖర్చు. అందులో పెద్ద రాయి పడే అవకాశం దాదాపు పదింట ఒకటి. పడకపోతే శాంపిల్ చెప్పే ధర 150. పడితే 2,100 క్యారట్లకి 23 లక్షలు, అంటే దాదాపు 1,100. పదిసార్లలో తొమ్మిదిసార్లు 150, ఒకసారి 1,100. నిజమైన 250 మాత్రం ఏ శాంపిల్లోనూ కనిపించదు.

లెక్కల క్లాసులో ‘శాంపిల్ సగటు పక్షపాతం లేని అంచనా’ అని చెప్తారు. నిజమే, లక్ష శాంపిళ్ళు తీసి వాటన్నిటి సగటు కడితే 250 వస్తుంది. కానీ మన చేతిలో ఉండేది ఒక్క శాంపిల్. అది చాలాసార్లు తక్కువే చెప్తుంది, ఎప్పుడో ఒకసారి బాగా ఎక్కువ చెప్తుంది. ఇక పత్రికా ప్రకటనలోకి ఎక్కేది ఏ శాంపిలో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 150 వచ్చిన తొమ్మిది ఫైళ్ళు బీరువాలో ఉండిపోతాయి, 1,100 వచ్చిన ఒకటి షేర్ మార్కెట్టుకి వెళ్తుంది. మోసం అక్కర్లేదు, ఈ వడపోతే చాలు.

మరి ఎంత శాంపిల్ తీస్తే ఆ పెద్ద రాయి కనీసం ఒక్కటైనా కనబడుతుందని 95 శాతం నమ్మకంతో అనుకోవచ్చు? 20,000కి మూడింతలు, అంటే 60,000 క్యారట్లు. గ్రేడు 100 టన్నులకి 10 క్యారట్లయితే 6 లక్షల టన్నులు తవ్వాలి. దాన్ని శాంపిల్ అనరు, గని అంటారు.

కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడ కంప్యూటర్ మీద భారం వేస్తారు. ఉన్న రాళ్ళ జాబితాలోంచే పదివేలసార్లు మళ్ళీ మళ్ళీ లాటరీ తీసి, వచ్చిన సగటుల్ని బట్టి ఇంత నుంచి ఇంత అని రేంజి ఇస్తారు. బూట్‌స్ట్రాప్ అంటారు, మంచి పద్ధతే, వేరేచోట నేనూ వాడతాను. కానీ జాబితాలో పెద్ద రాయి లేకపోతే పదివేలసార్లు తీసినా అది రాదు. రేంజి మాత్రం 140 నుంచి 160 అని ఎంతో ముద్దుగా, ఇరుకుగా వస్తుంది. దాని ధీమా చూస్తే నాకు టెన్షన్.

అందుకే సగటుని పక్కనపెట్టి సైజుల వారీగా పోతాం. రాళ్ళని జల్లెడల మీద వేరుచేస్తారు. జల్లెడల్లోంచి దిగని పెద్దవాటిని గ్రెయినర్లు అంటారు (గ్రెయిన్ అంటే పావు క్యారట్), ఆ పైన క్యారట్ల లెక్క, 10.8 క్యారట్లు దాటినవి ‘స్పెషల్స్’. ఒక్కో సైజులో ఎన్ని రాళ్ళు వచ్చాయో లాగరిథమ్ గ్రాఫు మీద చుక్కలు పెడితే, చిన్న సైజుల దగ్గర చుక్కలు దట్టంగా, వరసగా దిగుతూ వస్తాయి. కుడివైపు పోయేకొద్దీ పలచబడి చివర్లో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఆ వరసకి నున్నటి గీత గీసి, చుక్కలు అయిపోయిన చోటు దాటి కొంచెం ముందుకి సాగదీస్తే, శాంపిల్లో కనబడని సైజుల్లో ఎన్ని రాళ్ళు ఉండాలో తెలుస్తుంది. ఆ సైజులకి మార్కెట్లో ఉన్న ధర విడిగా వేసి కలుపుతాం. దొరికిన ఒక్క పెద్ద రాయి కూడా ఇందులో దాని వంతుకి మించి మాట్లాడదు, గీత ఎంత బరువు ఇస్తే అంతే.

గీతకి ఎడమ చివర ఇంకా బలం కావాలంటే మైక్రోడైమండ్లు ఉన్నాయి. కొన్ని వందల కిలోల కింబర్లైట్‌ని కాస్టిక్ సోడాలో 550 డిగ్రీల వేడికి కరిగిస్తే, రాయంతా పోయి అర మిల్లీమీటరు కంటే చిన్న వజ్రాలు మిగులుతాయి. వందల్లో దొరుకుతాయి కాబట్టి గీత వాలు బాగా తెలుస్తుంది, తక్కువ ఖర్చులో గ్రేడు మీద ఒక చూపు దొరుకుతుంది. ధర గురించి మాత్రం అవి నోరు విప్పవు. దుమ్ము రేణువంత వజ్రం తెల్లగా ఉన్నంత మాత్రాన పెద్దవీ తెల్లగా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అసలు ఆ గీతని ఎంతవరకు సాగదీయవచ్చన్నదే నాకు ఎప్పుడూ తెగని ప్రశ్న. చిన్న రాళ్ళూ పెద్ద రాళ్ళూ ఒకే కుటుంబం అయితేనే కదా చిన్నవాటిని చూసి పెద్దవాటిని ఊహించేది! 2016లో ‘సైన్స్’ పత్రికలో ఇవాన్ స్మిత్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. కల్లినన్ లాంటి భారీ వజ్రాల లోపల ఇనుము, నికెల్ కలిసిన లోహపు మరకలు దొరికాయి. ఆ వజ్రాలు సుమారు 360 నుంచి 750 కిలోమీటర్ల లోతులో, ద్రవ లోహంలో పుట్టాయని వాళ్ళు తేల్చారు. మామూలు వజ్రాలు చాలావరకు 150, 200 కిలోమీటర్ల లోతువి. పుట్టిల్లే వేరైనప్పుడు మామూలు రాళ్ళ గీత వీటి గురించి ఏం చెప్తుంది? అందుకే శాంపిల్లో ఆ రకం రాయి, టైప్ 2ఏ అంటారు, చిన్న ముక్క కనబడినా నేను దాన్ని వేరే వరసలో రాసుకుంటాను. దాని బరువు కంటే, అది ఆ గొట్టంలో ఉందన్న సంగతి ముఖ్యం.

లెసోతోలోని లెట్సెంగ్ గని చూడండి. 100 టన్నుల రాయి ఆడిస్తే 2 క్యారట్లు కూడా పూర్తిగా రావు. గ్రేడు ఒక్కటే చూసేవాళ్ళు పేజీ తిప్పేస్తారు. 1972లో ఒక పెద్ద సంస్థ అక్కడ అన్వేషణ వదిలేసి వెళ్ళింది, తరవాత ఇంకొకరు 1977 నుంచి 1982 దాకా తవ్వి మూసేశారు. మళ్ళీ తెరిచాక 2006లో 603 క్యారట్ల రాయి, 2018లో 910 క్యారట్ల రాయి వచ్చాయి. రెండోది 4 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది. చాలా ఏళ్ళు అక్కడ సగటు ధర క్యారట్‌కి వెయ్యి డాలర్ల పైనే. ఆ గ్రేడులో 2,000 క్యారట్ల శాంపిల్ కావాలంటే లక్ష టన్నులకి పైగా తవ్వాలి మరి. దీనికి సరిగ్గా అవతలి కొసన ఆస్ట్రేలియాలోని ఆర్గైల్. మొదట్లో టన్నుకి 6 క్యారట్లకి పైగా గ్రేడు, 2020లో మూసేదాకా 86 కోట్ల క్యారట్లకి పైగా ఉత్పత్తి. కానీ ఎక్కువగా చిన్న గోధుమ రంగు రాళ్ళు, క్యారట్ ధర పదుల డాలర్లలోనే. పేరు తెచ్చింది మాత్రం ఆ రాశిలో అతి కొద్దిగా ఉన్న గులాబీ రాళ్ళు. అక్కడ శాంపిల్ సైజు పెద్ద సమస్య కాదు. ఒక లారీ లోడు చాలు, గని స్వభావం తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, గణాంకాల వాళ్ళు తరచూ మరిచిపోయేది. శాంపిల్లో పెద్ద రాయి రాకపోవడానికి అదృష్టం ఒక్కటే కారణం కాదు, మనమే పగలగొట్టి ఉండొచ్చు. 100 క్యారట్ల వజ్రం గుండ్రంగా ఉందనుకుంటే వ్యాసం 22 మిల్లీమీటర్లు. డ్రిల్ బిట్టు కింద నలిగి, తరవాత 10 మిల్లీమీటర్ల సందు పెట్టిన క్రషర్లో పడితే అది రాయిగా బయటికి రాదు, ముక్కలుగా వస్తుంది. ముక్కలన్నీ చిన్న సైజుల వరసల్లో బుద్ధిగా కూర్చుంటాయి. గ్రేడు దాదాపు సరిగ్గానే ఉంటుంది, ధర కూలిపోతుంది. బోట్స్వానాలోని కరోవే గనిలో 2015 నవంబరులో 1,109 క్యారట్ల లెసెడి లా రోనా దొరికింది. దాన్నుంచే విడిపోయిన 374 క్యారట్ల ముక్క కూడా వేరుగా దొరికింది. 

పగలకుండా వచ్చినా మెషీన్ గుర్తించాలి కదా. ఎక్స్-రే తగిలితే వజ్రం మెరుస్తుంది, ఆ మెరుపుని పట్టుకుని ఏరే యంత్రాలే చాలా ప్లాంట్లలో ఉంటాయి. టైప్ 2ఏ రాళ్ళలో మెరుపు తక్కువ. అంటే అన్నిటికంటే ఖరీదైన రాళ్ళే మెషీన్ కన్నుగప్పి చెత్తలోకి పోయే అవకాశం ఎక్కువ. కరోవేలో ఎక్స్-రే రాయిలోంచి ఎంత దూసుకుపోతుందో చూసే కొత్త రకం యంత్రాలు పెట్టాకే ఆ భారీ రాయి చేతికొచ్చింది. అందుకని శాంపిల్ రిపోర్టులో నేను క్రషర్ సందు, ఏ రకం సార్టర్ (వజ్రాల్ని ఏరే యంత్రం) వాడారు, ప్లాంటులోకి గుర్తు పెట్టిన ట్రేసర్లు (పరీక్ష కోసం వేసే నకిలీ రాళ్ళు) వేసి ఎన్ని తిరిగొచ్చాయో చూశారా లేదా అని వెతుకుతాను. అనుబంధాల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి.

జల్లెడ గారడీ కూడా ఒకటుంది. కింది కటాఫ్, అంటే అంతకంటే చిన్న రాళ్ళని వదిలేసే హద్దు, 2 మిల్లీమీటర్లు పెడితే 100 టన్నులకి 10 క్యారట్లు, క్యారట్ 200 డాలర్లు, మొత్తం 2,000 అనుకోండి. కటాఫ్ 1 మిల్లీమీటరుకి దించితే ఇంకో 6 క్యారట్ల పొడి వస్తుంది, దాని ధర క్యారట్ 20. గ్రేడు 16, మొత్తం 2,120. ఇప్పుడు రిపోర్టులో గ్రేడు ఒక పేజీలో 16 అనీ, ధర ఇంకో పేజీలో 200 అనీ రాస్తే? గుణించినవాడికి 3,200 వస్తుంది. ఒక్క అబద్ధం కూడా రాయకుండా సగం విలువ పెంచేశారు. కటాఫ్ సైజు తప్పనిసరిగా చెప్పాలని రిపోర్టింగ్ నియమాలు పట్టుబట్టేది ఇందుకే.

ధర చెప్పే మనిషి సంగతి చివరికి వదిలాను. 1872లో అమెరికాలో ఇద్దరు మోసగాళ్ళు కొన్న నాసిరకం రాళ్ళని కొండల్లో చల్లి వజ్రాల క్షేత్రం అన్నారు. ఆ రాళ్ళకి న్యూయార్క్‌లో పేరున్న నగల వ్యాపారి చార్లెస్ టిఫానీ లక్షన్నర డాలర్లు విలువ కట్టాడు. సాన పట్టిన రాళ్ళలో ఆయన్ని మించినవాడు లేడు గానీ ఇవి ముడి రాళ్ళు. క్లారెన్స్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త స్వయంగా అక్కడికి వెళ్ళి, వజ్రాలూ కెంపులూ నీలాలూ ప్రకృతిలో అలా కలిసి ఉండవని, తవ్విన గుర్తులున్న చోటే దొరుకుతున్నాయని చూసి గుట్టు విప్పాడు. ఇప్పుడు ముడి రాళ్ళకి విలువ కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. అలాంటి పెద్దాయన ఒకరు, ఎంతో పని మీద ఉన్నా ఫోన్ ఎత్తి మాట్లాడతారు, ఒకసారి నాతో అన్నారు: “ఈ పొట్లం ధర అడుగు బాబూ, చెప్తాను. గని ధర నన్నడక్కు. వచ్చే ఏడు ఇదే పొట్లం తెస్తే ఈ ధర కూడా ఉండదు.” 2022 తరవాత ముడి రాళ్ళ ధరలు పడిన తీరు చూస్తే ఆయన మాట కొంచెం మెత్తగానే ఉంది.

ఇదంతా విన్నాక, పెట్టుబడి వైపు కూర్చున్నవాళ్ళు అడిగేది ఒకటే: “అర్థమైందండీ, కానీ మోడల్లో పెట్టడానికి ఒక్క నంబర్ చెప్పండి.” మొదట్లో మూడు ఇచ్చేవాణ్ణి. పెద్ద రాళ్ళు అసలు లేవనుకుంటే ఇంత, గీత ప్రకారం ఉంటే ఇంత, టైప్ 2ఏ రాళ్ళు కూడా కలిస్తే ఇంత అని, ఒక్కో దాని కింద ఏం నమ్మి వేశామో రాసి. అందరూ మధ్యలోది తీసుకుని, కింద రాసింది కత్తిరించేసేవాళ్ళు. ఇప్పుడు మధ్యది ఇవ్వడం మానేశాను. కింది దానికీ పై దానికీ తేడా ఎందుకంత ఉందో అప్పుడు వాళ్ళే అడుగుతారు. ఇంకో 1,000 క్యారట్లు తీయడానికి ఎంత ఖర్చవుతుంది, దాంతో ఆ తేడా ఎంత తగ్గుతుంది అనే మాట కూడా అప్పుడే వస్తుంది.